తల్లిని కాదు, పనిని అడగండి

పై పెదవి చీలి పుట్టిన బిడ్డకి మన భాష పెట్టిన పేరు గ్రహణం మొర్రి. ఆ పేరులోనే నేరం ఉంది. నేరస్తురాలు కూడా ఉంది. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం వేళ గడప దాటింది, కత్తిపీట ముట్టుకుంది, కూర తరిగింది, కాబట్టి బిడ్డ పెదవి తెగింది. ఇది ఒక శారీరక లోపం పేరులా లేదు, తల్లి మీద ముందే రాసి ఉంచిన తీర్పులా ఉంది. అదే ఇంట్లో, అదే గ్రహణం వేళ తండ్రి చుట్ట కాల్చుకోవచ్చు, చేలోకి పోయి మందు కొట్టి రావచ్చు. అతనికి ఏ నిషేధమూ లేదు. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు తప్పు ఒక్కరిదే ఎలా అయింది?

ముందు గ్రహణం సంగతి తేల్చేద్దాం. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా పోయింది. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం దేశమంతా కనిపించింది. మన కంటికి కనిపించే గ్రహణాలు ఎప్పుడో ఒకటి వస్తాయి. మొర్రితో పిల్లలు మాత్రం ఏ నెల ఆ నెల పుడుతూనే ఉన్నారు, గ్రహణానికి భయపడని దేశాల్లోనూ పుడుతున్నారు. ఇంకో మాట. గ్రహణం రోజు మనం గదిలో పెట్టి తలుపు వేసేది కడుపు కనిపిస్తున్న మనిషిని. ఐదో నెలో, ఏడో నెలో ఉంటుంది ఆమెకి. అప్పటికి లోపలి బిడ్డ పెదవి ఏర్పడి ఎన్నో వారాలు గడిచిపోయి ఉంటాయి.

ఈ వారాల లెక్కే నేను చెప్పదలుచుకున్నదానికంతటికీ మూలం. పిండం ముఖం రెండు పక్కల నుంచి పెరుగుతూ వచ్చి మధ్యలో కలుస్తుంది. పై పెదవి కలిసేది గర్భం వచ్చిన నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల. నోటి పైకప్పు, అంటే అంగిలి, ఆరో వారం నుంచి తొమ్మిదో వారం లోపల కలుస్తుంది. ఏ కారణం చేతనైనా ఆ కలయిక పూర్తి కాకపోతే పెదవి చీలికో, అంగిలి చీలికో, రెండూనో మిగిలిపోతాయి. మన ఊళ్ళలో చాలామంది ఆడవాళ్ళకి ఆ వారాల్లో నెల తప్పిందన్న అనుమానం మాత్రమే ఉంటుంది. ఆశా కార్యకర్త వచ్చి పేరు రాసుకోవాల్సిన గడువు పన్నెండు వారాలు. గడువు లోపల, పద్ధతి ప్రకారం అన్నీ జరిగినా ఆ నమోదు అయ్యేసరికి పెదవి, అంగిలి కలవడమో కలవకపోవడమో అయిపోయి ఉండొచ్చు. గర్భిణికి చెప్పే జాగ్రత్తలన్నీ ఈ విషయంలో ఆలస్యంగా వచ్చేవే.

ఇదేమీ అరుదైన లోపం కాదు. ప్రపంచంలో సుమారు 700 కాన్పులకి ఒక బిడ్డ ఇలా పుడుతున్నట్టు లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో ఎంతమంది అని లెక్కగట్టిన ఒక అధ్యయనం 2010లో అచ్చయింది. వెయ్యి కాన్పులకి 1.09 అని తేల్చింది. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ రాష్ట్రంలో ఏటా లక్షల కాన్పులు జరుగుతాయని గుర్తుంచుకుంటే, ప్రతి ఏడూ వందలమంది పసివాళ్ళు, వందలమంది నిందలు మోసే తల్లులు.

కారణం ఏమిటని అడిగితే వైద్యశాస్త్రం ఒక్క కారణం చెప్పదు. వంశపారంపర్యంగా వచ్చే జన్యువుల పాత్ర ఉంది. ఆ మొదటి వారాల్లో తల్లి చుట్టూ ఉన్న పరిస్థితుల పాత్ర ఉంది. పొగ తాగడం, గర్భానికి ముందు నుంచీ ఉన్న మధుమేహం, మూర్ఛకి వాడే కొన్ని మందులు ఈ ముప్పుని పెంచుతాయని బాగా రుజువైంది. పక్కవాళ్ళు వదిలిన పొగ పీల్చే ఆడవాళ్ళకి ఈ ముప్పు దాదాపు రెట్టింపు అవుతున్నట్టు 2015లో ఎన్నో అధ్యయనాలని కలిపి చూసినవాళ్ళు చెప్పారు. రంగుల్లోనూ, శుభ్రపరిచే రసాయనాల్లోనూ వాడే ద్రావకాలతో పని చేసిన తల్లుల పిల్లల్లో ఈ చీలికలు ఎక్కువని 1997లో ఐరోపా దేశాల పరిశోధకులు రాశారు. ఇక మన ప్రాంతానికి అన్నిటికన్నా దగ్గరి విషయం పురుగుమందులు.

నేనుండే అమరావతిని గుడి కోసం, స్తూపం కోసం, కృష్ణలో స్నానాల కోసం చూడ్డానికి వస్తారు. ఇదే పేరు పెట్టుకున్న రాజధాని గురించి దేశమంతా మాట్లాడుతుంది. ఊరు దాటి రెండు మైళ్ళు పోతే నల్లరేగడి, పత్తి, మిరప. అక్కడి నుంచి నరసరావుపేట, గురజాల, మాచర్ల దాకా చాలా చోట్ల ఇదే పంట, ఇదే మందు వాసన. 1997-98లో పత్తి పోయి అప్పుల పాలైన రైతులు ఆ పురుగుమందే తాగి చనిపోయిన రోజుల్ని ఈ నేల మరిచిపోలేదు. 2021లో మిరప మీద నల్లతామర పురుగు పడ్డప్పుడు షాపువాడు ఏ డబ్బా చేతిలో పెడితే ఆ డబ్బా కొట్టారు. రెండు మూడు మందులు కలిపీ కొట్టారు.

పురుగుమందు అనగానే మన కళ్ళ ముందు మెదిలేది వీపున ట్యాంకు కట్టుకున్న మగవాడు. ఆ ట్యాంకులోకి మందు ఎలా వచ్చింది? బిందెలతో నీళ్ళు మోసింది ఎవరు? చిక్కటి మందుని డ్రమ్ములో పోసి కలిపింది ఎవరు? కొట్టిన మర్నాడు అదే చేలో కలుపు తీసింది, నాలుగు రోజులకి మిరపకాయ కోసింది, ఆ మగవాడి చొక్కా ఇంట్లోవాళ్ళ బట్టలతో కలిపి ఉతికింది ఎవరు? ఇవేవీ మందు కొట్టడం కిందికి రావు. కూలి లెక్కలోకే కొన్ని రావు.

మా మండలంలోని ఒక ఊళ్ళో అంగిలి చీలికతో పుట్టిన బిడ్డని ఒళ్ళో పెట్టుకున్న ఒకమ్మాయితో కొంతకాలం కిందట మాట్లాడాను. పాలు ఉగ్గు గిన్నెతో పోస్తోంది. అత్తగారు అరుగు మీద నుంచే చెప్పింది, "గ్రహణం నాడు వద్దంటే వినలేదమ్మా, వంకాయలు కోసింది."

"నేను కొయ్యలేదక్కా," అంది ఆ పిల్ల గొంతు తగ్గించి. "ఆ రోజు మంచం మీంచి దిగలేదు. నీళ్ళు కూడా తాగలేదు."

"అంతకు ముందు, నెల తప్పిన కొత్తల్లో ఏం పని చేసేదానివి?"

"పత్తి చేలో మందు కలిపేదాన్ని. ఆయన కొట్టేవాడు, నేను కలిపి పోసేదాన్ని. కర్ర దొరక్కపోతే చేత్తోనే."

"ఆసుపత్రిలో ఎవరన్నా ఈ సంగతి అడిగారా?"

"లేదక్కా. మేనరికమా అని అడిగారు. గోళీలు మింగావా అని అడిగారు."

ఆ బిడ్డకి ఆ మందు వల్లే అలా అయిందని నేను చెప్పను. ఏ ఒక్క బిడ్డ విషయంలోనూ ఇదే కారణమని డాక్టరు కూడా చెప్పలేడు. నన్ను కలతపెట్టింది వేరు. గ్రహణం గురించి ఇల్లు అడిగింది. గోళీల గురించి ఆసుపత్రి అడిగింది. రెండు ప్రశ్నలూ ఆమె ఏం చేసిందనే. ఆమె చేత ఏం చేయించారని అడిగినవాళ్ళు లేరు. భర్తని అడిగినవాళ్ళు లేరు. చేను ఇచ్చిన ఆసామినీ, మందు అమ్మినవాణ్ణీ అసలే లేరు.

అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోనే మూడు ఊళ్ళలో 50 మంది పత్తి రైతు స్త్రీలు ఒక పంటకాలం పాటు తమ ఒంటికీ, తమ ఇంటి మగవాళ్ళకీ మందు కొట్టిన రోజుల్లో ఏమైందో తామే గుర్తుపెట్టి నమోదు చేశారు. ఆ వివరాలు 2005లో అచ్చయ్యాయి. నమోదైన సందర్భాలు 323. వాటిలో 83.6 శాతం సార్లు తలతిరుగుడు, వాంతులు, వణుకు లాంటి విష లక్షణాలు కొద్దిగానో ఎక్కువగానో కనిపించాయి. మందు కలిపి ట్యాంకులు నింపిన ఆడవాళ్ళు కొట్టిన మగవాళ్ళకి తీసిపోకుండా బాధపడ్డారు. చిన్న కమతాల వాళ్ళకే ఎక్కువ దెబ్బ తగిలింది. చదువు రాని ఆడవాళ్ళు చెప్పేది సాక్ష్యం కాదనేవాళ్ళకి ఆ కాగితాలు జవాబు.

పురుగుమందుకీ మొర్రికీ ఉన్న సంబంధం గురించి ఎన్నో దేశాల అధ్యయనాలని కలిపి 2007లో ఒక లెక్క తేల్చారు. పనిలో పురుగుమందులు తగిలే తల్లులకి ఈ ముప్పు 1.37 రెట్లు ఉంది. తండ్రులకి తగిలినప్పుడు 1.16 రెట్లు, అది కొంచెం బలహీనమైన సంబంధం. ఈ అంకెని భయపెట్టడానికి వాడకూడదు, దాచడానికీ వాడకూడదు. మామూలుగా పదివేల కాన్పుల్లో 11 మంది బిడ్డలు ఇలా పుడతారనుకుంటే, అందరు తల్లులకీ మందు తగిలితే 15 మంది అవుతారు. మిగిలిన 9,985 మందికి ఈ లోపం ఉండదు. అందుకని ఏ ఆడకూలీ కూడా రాత్రిళ్ళు నిద్ర మానుకుని తనని తాను తిట్టుకోవాల్సిన పని లేదు. కానీ ఆ అదనపు నలుగురు పిల్లలు ఉన్నారు. ఒక్క తల్లికి చిన్నదైన ముప్పు, లక్షలమందితో ఆ పని చేయించుకునే వ్యవసాయానికి చిన్నది కాదు. వ్యక్తికి ధైర్యం చెప్పాలి, వ్యవస్థని నిలదీయాలి. మనం దీన్ని తిరగేసి చేస్తున్నాం. వ్యక్తిని నిలదీసి వ్యవస్థకి ధైర్యం చెబుతున్నాం.

తండ్రి సంగతి చూడండి. విషం మగవాడి బీజాన్ని దెబ్బతీస్తుందని ప్రపంచం ఒప్పుకోవడానికే చాలా కాలం పట్టింది. 1977లో కాలిఫోర్నియాలోని లాథ్రాప్ అనే చోట డి.బి.సి.పి. అనే పురుగుమందు తయారుచేసే కార్మికులు తమలో ఎవరికీ పిల్లలు పుట్టడం లేదని తమలో తాము మాట్లాడుకుని పరీక్షలకి పట్టుబట్టారు. వీర్యకణాలు తగ్గిపోయాయని, కొందరిలో పూర్తిగా లేవని తేలింది. పిల్లలు లేరంటే లోపం ఆడదానిదే అనుకునే అలవాటు లేకపోతే ఇది ఎప్పుడో బయటపడేది. తండ్రి ఇంటికి తెచ్చేది ఇంకా ఉంది. మందు తడిసిన బట్ట, చేతులకి అంటిన మందు, గదిలో వదిలిన బీడీ పొగ. తల్లి పొగతాగిందా అని కేసు షీటులో ఒక గడి ఉంటుంది. తండ్రి పొగతాగుతాడా, ఏం పని చేస్తాడు అనే గడులు కూడా అందులో ఉండాలి.

2010 నాటి ఆంధ్ర అధ్యయనం దగ్గరి సంబంధాల పెళ్ళిళ్ళతోనూ, తల్లిదండ్రుల చదువులేమితోనూ ఈ లోపానికి గట్టి సంబంధం ఉందని చెప్పింది. ఇది కూడా చివరికి తల్లి మీదికే వచ్చి వాలుతుంది, మేనరికం చేసుకున్నావు కాబట్టి అని. పదహారేళ్ళ పిల్లని మేనమామకి ఇవ్వాలని కూర్చుని నిర్ణయించింది ఎవరు? పొలం చీలిపోకూడదని, కట్నం తగ్గుతుందని లెక్కలేసుకున్నది ఎవరు? బడి మాన్పించి పత్తి తీతకి పంపింది ఎవరు? ఆ నిర్ణయాల్లో ఏ ఒక్కటీ ఆమెది కాదు. ఫలితం మాత్రం ఆమె ఒళ్ళో పడింది.

ఇంతా విని, అయితే ఆడవాళ్ళని మందు పనికి రానివ్వకపోతే సరిపోతుంది కదా అనేవాళ్ళుంటారు. ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో జాన్సన్ కంట్రోల్స్ అనే బ్యాటరీల కంపెనీ సీసం వల్ల పిండానికి ప్రమాదమని చెప్పి 1982లో, పిల్లలు పుట్టరని డాక్టరు కాగితం తెచ్చుకున్నవాళ్ళని తప్ప ఆడవాళ్ళందరినీ ఆ పనుల నుంచి తీసేసింది. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి ఒకామె పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంది. అదే చోట ఒక మగ కార్మికుడు, తండ్రిని కావాలనుకుంటున్నాను, రక్తంలో సీసం తగ్గేదాకా సెలవివ్వండి అని అడిగితే ఇవ్వలేదు. 1991లో అక్కడి సుప్రీంకోర్టు ఆ నియమం చెల్లదని తీర్పిచ్చింది. మనకి దూరం పోనక్కర్లేదు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కోతకి పోయే ఆడవాళ్ళు ఎంతమంది గర్భసంచులు తీయించుకున్నారో 2019లో దేశమంతా చూసింది. పని జోలికి వెళ్ళకుండా ఆడవాళ్ళ ఒంటిని సరిచేసే పద్ధతి ఎక్కడికి పోతుందో ఈ రెండూ చెబుతున్నాయి. ఆడదాన్ని చేలోంచి పంపేస్తే ఆ రోజు కూలి పోతుంది. మందు చేలోనే ఉంటుంది, మొగుడి చొక్కా మీద ఇంటికీ వస్తుంది. ఆడవాళ్ళకి తగలకూడనిది మగవాళ్ళకీ తగలకూడదు. తీసేయాల్సింది మనిషిని కాదు, విషాన్ని.

చట్టం లేదా అంటే ఉంది. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద 1971లో చేసిన నియమాలు, మందు కొట్టే పనిలో పెట్టుకునే మనుషులకి పనికి ముందు ఒకసారి, ఆ తర్వాత కనీసం మూడు నెలలకొకసారి డాక్టరు పరీక్ష చేయించాలంటున్నాయి. ఒంటికి రక్షణ దుస్తులు, ముక్కుకి అడ్డు, విరుగుడు మందులు, శిక్షణ ఇవ్వాలంటున్నాయి. నేను తిరిగిన ఊళ్ళలో మొహానికి చుట్టుకున్న తువ్వాలు తప్ప ఇంకే రక్షణా చూడలేదు. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటుంది, దాని అర్థం చెప్పేవాళ్ళుండరు. 2020 మేలో కేంద్ర ప్రభుత్వం 27 మందుల్ని నిషేధిస్తామని ముసాయిదా వెలువరించింది. 2023లో తుది మాట వచ్చేసరికి నిషేధం వాటిలో కొద్దిటికే మిగిలింది.

ప్రసూతి చట్టం సంగతీ అంతే. కాన్పుకి ముందు చివరి పది వారాల్లో, ఆమె అడిగితే, బరువు పనులు చెప్పకూడదని 1961 చట్టం అన్నది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోకి కూడా అదే లెక్క వచ్చింది. అదీ ముఠా మేస్త్రి కింద రోజుకో చేలో పనిచేసే ఆడకూలీకి అందనే అందదు. ముఖం ఏర్పడేది మొదటి పది వారాల్లో, చట్టం చూసేది చివరి పది వారాల్ని. ఈ తేడా పూడాలంటే ఒకటే దారి. గర్భిణి అని తెలిశాక ఇచ్చే రక్షణ కాకుండా, ఆ పనిలో ఉన్న ప్రతి ఆడదానికీ మగవాడికీ ప్రతిరోజూ ఉండే రక్షణ కావాలి.

ఇది సాధ్యమేనా? కేరళలోని కాసరగోడులో జీడితోటల మీద 1970ల చివరి నుంచి 2000 దాకా గాల్లోంచి ఎండోసల్ఫాన్ చల్లారు. రకరకాల పుట్టు లోపాలున్న పిల్లల్ని చూపించి తల్లులు గొంతెత్తారు. లీలాకుమారి అమ్మ అనే వ్యవసాయ శాఖ ఉద్యోగిని 1998లో కోర్టుకెక్కి ఆ చల్లుడు ఆపించింది. 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా ఆ మందుని ఆపింది. 2017లో బాధితులకి తలా అయిదు లక్షలు ఇమ్మని కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. మన దగ్గర ఖమ్మం వైపు పునుకుల అనే ఊరు, పురుగుమందు లేకుండా పత్తి పండించి 2003లో ఆ మందుల్ని ఊళ్ళోంచే పంపేసింది. అక్కడ పట్టుబట్టింది మహిళా సంఘాలు. 2004 నుంచి పొదుపు సంఘాల ద్వారానే పురుగుమందుల్లేని సాగు రాష్ట్రంలో చాలా ఊళ్ళకి పాకింది. మందు మానేస్తే పంట పోతుందనే మాటకి అవి జవాబులు.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. మొర్రితో పుట్టిన ప్రతి బిడ్డ కేసు షీటులో తల్లి పనితో పాటు తండ్రి పని, గర్భానికి ముందు మూడు నెలలూ తర్వాత మూడు నెలలూ ఇద్దరికీ తగిలిన మందుల పేర్లు రాయాలి. ఆ వివరాలు జిల్లావారీగా లెక్కగట్టి బయటపెట్టాలి. మందు కొట్టిన చేలోకి ఎన్ని రోజులు దిగకూడదో గట్టు మీద బోర్డు పెట్టాలి, ఆ రోజుల్లో వేరే పని చూపించాలి. చేతి తొడుగులు, సబ్బు, నీళ్ళు ఆసామి ఖర్చు కావాలి. మందు బట్టలు చేలోనే విప్పి, కొట్టినవాడే విడిగా ఉతుక్కోవాలి. ఖాళీ డబ్బాలు ఇంట్లో నీళ్ళకి వాడే పరిస్థితి ఉండకూడదు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు వారానికొకటి చొప్పున పిల్లలు కనే వయసు ఆడవాళ్ళందరికీ ఇవ్వాలని 2018 నుంచి ప్రభుత్వ పథకం ఉంది. వెన్నుపాము లోపాల్ని ఆపడంలో ఫోలిక్ ఆమ్లం పని బాగా రుజువైంది, మొర్రి విషయంలో అంత గట్టిగా కాదు. అయినా అది పెళ్ళయిన రోజు నుంచే అందాలి, మూడో నెలలో కాదు.

పుట్టిన బిడ్డల సంగతి మరిచిపోకూడదు. పెదవికి మూడు నుంచి ఆరు నెలల వయసులో, అంగిలికి ఏడాది అటూఇటూగా ఆపరేషన్ చేస్తే, తర్వాత మాట నేర్పే శిక్షణ దొరికితే, ఆ బిడ్డ అందరిలాగే తింటుంది, మాట్లాడుతుంది, బడికి పోతుంది. 2013లో మొదలైన బాలల ఆరోగ్య పరీక్షల కార్యక్రమం కిందా, 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం కిందా ఈ ఆపరేషన్లకి ప్రభుత్వమే ఖర్చు పెడుతోంది. ఈ సంగతి తెలియక, గ్రహణం చేసిన పనికి మందు లేదనుకుని, పాలు పట్టలేక బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులున్నారు.

మన సంఘాల్లో పనిచేసేవాళ్ళు రేపటి నుంచే మొదలుపెట్టగలిగింది ఒకటుంది. పెదవి చీలిక అందాం, అంగిలి చీలిక అందాం. గ్రహణం అనే మాట తీసేద్దాం. ఎవరైనా అరుగు మీద నుంచి గ్రహణం నాడు ఏం కోసిందో చెప్పబోతే, ఆ నెలలో ఏ చేలో ఏ మందు కొట్టారని, ఆ చేను ఎవరిదని తిరిగి అడుగుదాం. జవాబులు ఒక నోటు పుస్తకంలో రాసి పెడదాం.